హిట్లర్‌ను ఓడించినవాడా, లక్షల మందిని చంపినవాడా? స్టాలిన్ చుట్టూ ఉన్న చిక్కుముడి

2025 ఏప్రిల్ చివర్లో వోల్గోగ్రాడ్ విమానాశ్రయానికి ఆ నగరం పాత పేరైన స్టాలిన్‌గ్రాడ్ అని పేరు పెడుతూ పుతిన్ ఉత్తర్వు ఇచ్చారు. మే నెలలో మాస్కో మెట్రోలోని తగాన్‌స్కయా స్టేషన్‌లో, ఎప్పుడో తీసేసిన సోవియట్ పాలకుడు స్టాలిన్ శిల్పానికి నకలు చేయించి మళ్లీ పెట్టారు. కొందరు దాని ముందు పూలు ఉంచారు, కొందరు నిరసన తెలిపారు.

మనకూ ఆ పేరు కొత్తది కాదు. కమ్యూనిస్టు ఉద్యమం బలంగా ఉన్న జిల్లాల్లో పిల్లలకు స్టాలిన్ అని పేరు పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. తమిళనాడు నాయకుడు ఎం.కె.స్టాలిన్ 1953 మార్చి 1న పుట్టారు. నాలుగు రోజుల తర్వాత, మార్చి 5న, సోవియట్ స్టాలిన్ చనిపోయాడు.

ఆయన మీద వాదన ఎక్కడ మొదలైనా ఒకే తీరులో నడుస్తుంది. ఒకరు "ఆయనే లేకపోతే హిట్లర్ గెలిచేవాడు" అంటారు. ఇంకొకరు "కోట్ల మందిని పొట్టన పెట్టుకున్నాడు" అంటారు. నిజానికి ఈ రెండూ ఒకదానికొకటి జవాబులు కావు. మొదటిది యుద్ధం గురించి, రెండోది దేశం లోపలి పాలన గురించి. చాలామంది వదిలేసే మూడో సంగతి ఇంకొకటి ఉంది: బయటి దేశాలతో, ముఖ్యంగా అక్కడి కమ్యూనిస్టు పార్టీలతో ఆయన ఎలా వ్యవహరించాడన్నది. మూడింటినీ విడదీసి చూస్తే, అన్నింటిలోనూ ఒకే పద్ధతి నాకు కనిపిస్తుంది. రైతైనా, సైన్యాధిపతైనా, పరాయి దేశపు పార్టీ అయినా, సోవియట్ రాజ్యానికి ఎంతవరకు పనికొస్తే స్టాలిన్ దగ్గర అంతవరకే విలువ. ఆ పద్ధతి తెలంగాణ సాయుధ పోరాటం దాకా కూడా వచ్చింది.

కమ్యూనిస్టు పాలన, ఒక్కడి నియంతృత్వం ఒకటేనా?

మార్క్సిస్టులు "కార్మికవర్గ నియంతృత్వం" అన్నప్పుడు వాళ్ల ఉద్దేశం ఒక వర్గం చేతిలో రాజ్యాధికారం ఉండడం. ఒక మనిషి చేతిలో ఉండడం కాదు. 1917 తర్వాత రష్యాలో ఆ అధికారం ఒక పార్టీ చేతికి వచ్చింది. 1921లో పార్టీ లోపల ముఠాలు కట్టకూడదని నిషేధం పెట్టారు. 1920ల చివరికి అది పార్టీలో ఒక చిన్న బృందం చేతికి, 1930ల మధ్యకు ఒక్క మనిషి చేతికి చేరింది.

ఆ మనిషి జార్జియాలోని గోరి అనే ఊళ్లో చెప్పులు కుట్టేవాడి కొడుకు. అసలు పేరు జుగాష్విలీ. స్టాలిన్ అన్నది పార్టీలో పెట్టుకున్న మారుపేరు. 1922 ఏప్రిల్‌లో ఆయన పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. అప్పట్లో అది పెద్ద హోదా అని ఎవరూ అనుకోలేదు. ఉపన్యాసాలతో జనాన్ని ఊపేసే విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ ముందు ఇది కాగితాలు చూసుకునే పని.

కానీ ఎవరిని ఏ ఊరికి కార్యదర్శిగా పంపాలో తేల్చేది ఆ కాగితాలే. జిల్లా కార్యదర్శులు మహాసభకు వచ్చే ప్రతినిధుల ఎంపికను నడిపిస్తారు. ఆ ప్రతినిధులు కేంద్ర కమిటీని ఎన్నుకుంటారు. కేంద్ర కమిటీ ప్రధాన కార్యదర్శిని ఎన్నుకుంటుంది. అంటే తనను ఎన్నుకునేవాళ్లను తానే నియమించుకునే వలయం ఒకటి తయారైంది. లెనిన్‌కు ఇది ఆలస్యంగా అర్థమైంది. 1923 జనవరి 4న చెప్పి రాయించిన మాటల్లో, స్టాలిన్ మరీ మొరటువాడని, ఆ పదవి నుంచి తప్పించే దారి ఆలోచించాలని సహచరులను కోరాడు. ఏడాది తర్వాత లెనిన్ చనిపోయాడు. ఆ లేఖ పార్టీ ముఖ్యుల మధ్యే ఉండిపోయింది. ట్రాట్‌స్కీని 1927లో పార్టీ నుంచి, 1929లో దేశం నుంచి పంపేశారు. 1940లో మెక్సికోలో ఒక సోవియట్ ఏజెంటు ఆయన్ని చంపాడు.

సిద్ధాంతంలో కూడా ఒక మలుపు వచ్చింది. యూరప్‌లో విప్లవాలు వస్తేనే రష్యా విప్లవం నిలుస్తుందని పాత నాయకులు నమ్మేవాళ్లు. జర్మనీలో అది విఫలమైంది. "ఒకే దేశంలో సోషలిజం" సాధ్యమేనని 1924లో స్టాలిన్ చెప్పడం మొదలుపెట్టాడు. మాట చిన్నదే గానీ దాని వెనక ఒక తర్కం ఉంది. సోషలిజం ఉన్న దేశం ఒక్కటే అయినప్పుడు, ఆ దేశాన్ని కాపాడడమే ప్రపంచంలోని కమ్యూనిస్టులందరి మొదటి పని అవుతుంది.

ధాన్యం, లెవీ, కరువు

1928లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది. ఫ్యాక్టరీలకు యంత్రాలు బయటి దేశాల నుంచి కొనాలి. దానికి విదేశీ డబ్బు కావాలి. ఆ డబ్బు తెచ్చే సరుకుల్లో ముఖ్యమైనది ధాన్యం. ప్రభుత్వం ఇచ్చే తక్కువ ధరకు రైతులు అమ్మలేదు. దాంతో 1929 చివర్లో భూములు, పశువులు అన్నింటినీ సమష్టి క్షేత్రాల్లో కలిపేయాలని ఆదేశం వచ్చింది. కాస్త ఉన్న రైతుకు "కులక్" అని ముద్ర వేశారు. 1930, 31 రెండేళ్లలోనే కుటుంబ సభ్యులందరినీ కలిపి దాదాపు 18 లక్షల మందిని సైబీరియాకు, ఉత్తరాదికి, కజకిస్తాన్‌కు తరలించారు. పశువులను అప్పగించడం ఇష్టం లేక రైతులు కోసేసుకున్నారు, మేత లేక ఇంకొన్ని చచ్చాయి. 1928 నుంచి 1933 మధ్య దేశంలో పశు సంపద సగానికి దగ్గరగా పడిపోయింది.

మనవాళ్లకు సులువుగా అర్థమయ్యే మాటలో ఇది బలవంతపు లెవీ. నైజాం రాజ్యంలో పంట ఎంతొచ్చినా లెవీ ధాన్యం కొలవాల్సిందేనన్న ఒత్తిడి మీద తెలంగాణ రైతులు తిరగబడ్డారు. అంతకు దాదాపు పదిహేనేళ్ల ముందు సోవియట్ ప్రభుత్వం తన రైతు మీద ఇంకా కఠినమైన లెవీ నడిపింది. ఈ సంగతి అప్పట్లో మన ఊళ్లకు చేరలేదు.

1932-33లో కరువు వచ్చింది. ఆ కరువు రోజుల్లో కూడా ధాన్యం ఎగుమతి ఆగలేదు. 1931లో దాదాపు 52 లక్షల టన్నులు, 1932లో 17 లక్షల టన్నుల పైనే బయటికి వెళ్లింది. మనిషికి రోజుకు అరకిలో, అంటే ఏడాదికి 180 కిలోలు అనుకుందాం. 17 లక్షల టన్నులంటే 170 కోట్ల కిలోలు. 90 లక్షల మందికి పైగా ఏడాది తిండి. సోవియట్ యూనియన్ మొత్తంలో ఆ కరువుకు చనిపోయినవాళ్లు సుమారు 55 లక్షల నుంచి 70 లక్షలని చరిత్రకారుల అంచనా. అందులో 35 లక్షలకు పైగా ఉక్రెయిన్‌లోనే. కజకిస్తాన్‌లో దాదాపు 15 లక్షలు. జనాభాతో పోల్చి చూస్తే అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది కజక్‌లే. వాళ్ల గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

ఇంతవరకు పెద్దగా పేచీ లేదు. పేచీ ఉన్నది ఉద్దేశం దగ్గర. ఉక్రెయిన్‌లో దీన్ని హొలొదొమోర్ అంటారు, 2006లో అక్కడి పార్లమెంటు జాతి నిర్మూలన అని చట్టం చేసింది. "జెనొసైడ్" అన్న భావనను రూపొందించిన రాఫెల్ లెమ్కిన్ కూడా 1953లో అదే అన్నాడు. వాళ్లు చూపించే ఆధారం గట్టిదే. 1933 జనవరి 22న స్టాలిన్, ప్రధాని మొలొతోవ్ సంతకాలతో ఒక ఆదేశం వెళ్లింది. ఉక్రెయిన్, దాని పక్కనున్న దక్షిణ రష్యాలోని కుబాన్ ప్రాంతాల రైతులు తిండి వెతుక్కుంటూ బయటికి పోకుండా ఆపమని అందులో ఉంది. రెండో వర్గం చరిత్రకారులు దీన్ని కాదనరు. అయితే కరువు రష్యాలోని వోల్గా ప్రాంతంలోనూ, కజకిస్తాన్‌లోనూ వచ్చిందనీ, సేకరణ లక్ష్యాలను కొన్నిసార్లు తగ్గించారనీ, ఇది ఒక జాతిని తుడిచిపెట్టే పథకం కంటే పారిశ్రామికీకరణ కోసం పల్లెను పిండిన విధానమనీ అంటారు. నేరమా కాదా అన్నది ఈ రెండు వర్గాల మధ్య ప్రశ్న కాదు, ఆ నేరానికి ఏ పేరు పెట్టాలన్నది ప్రశ్న. రష్యా ప్రభుత్వం మాత్రం జాతి నిర్మూలన అన్న మాటను ఒప్పుకోదు.

ఇంకో వైపు అంకెలు కూడా చెప్పాలి. 1928లో సుమారు 43 లక్షల టన్నులున్న ఉక్కు ఉత్పత్తి 1940కి 183 లక్షల టన్నులైంది. కోట్ల మంది చదువు నేర్చుకున్నారు. "చెక్క నాగలితో ఉన్న రష్యాను తీసుకుని అణుబాంబుతో వదిలి వెళ్లాడు" అని చర్చిల్ అన్నాడంటూ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. అది చర్చిల్‌ది కాదు, స్టాలిన్ చనిపోయినప్పుడు ఆయన జీవితచరిత్రకారుడు ఐజాక్ డాయిషర్ రాసిన వ్యాసం నుంచి వచ్చింది. అలాగే "ఒక మరణం విషాదం, పది లక్షల మరణాలు గణాంకం" అని స్టాలిన్ అన్నట్టు కూడా ఎక్కడా ఆధారం లేదు. ఆ ఉక్కు ఇంత ప్రాణనష్టం లేకుండా వచ్చేదా అన్నది ఆర్థిక చరిత్రకారులు ఇంకా తేల్చని విషయం. రైతుకు ధర ఇచ్చి నెమ్మదిగా వెళ్లే దారి పార్టీలోనే బుఖారిన్ ప్రతిపాదించాడు. నెమ్మదిగా వెళ్తే 1941 నాటికి ట్యాంకులు ఉండేవా అని అవతలివాళ్లు అడుగుతారు.

జిల్లాకు ఇంతమంది అని కోటా

1937 జులై 30న రహస్య పోలీసు శాఖ 00447 నంబరుతో ఒక ఉత్తర్వు ఇచ్చింది. మాజీ కులక్‌లు, పాత నేరస్తులు, "సోవియట్ వ్యతిరేకులు" అందరినీ పట్టుకోవాలి. ప్రాంతాల వారీగా రెండు గడులు. మొదటి గడిలో ఉన్నవాళ్లను కాల్చేయాలి, రెండో గడిలో ఉన్నవాళ్లను శిబిరాలకు పంపాలి. మొదట వేసిన కోటా మొత్తం 2,68,950. అందులో కాల్చేయాల్సినవాళ్లు 75,950.

ఈ అంకెలు అక్కడితో ఆగలేదు. తక్కువ మందిని పట్టుకున్న అధికారికి తానే అనుమానితుడినవుతానన్న భయం, ఎక్కువ పట్టుకున్నవాడికి మెప్పు. జిల్లాలు కోటా పెంచమని మాస్కోకు రాశాయి. మాస్కో పెంచుతూ పోయింది. ఒక్క ఆ ఉత్తర్వు కిందే చివరికి 3,80,000 మందికి పైగా మరణశిక్షలు పడ్డాయి. అన్ని కేసులూ కలిపి 1937, 38లో 6,81,692 మందిని కాల్చి చంపినట్టు రహస్య పోలీసుల సొంత రికార్డులే చెబుతున్నాయి.

పార్టీ కూడా తప్పించుకోలేదు. 1934 మహాసభకు వచ్చిన 1,966 మంది ప్రతినిధుల్లో 1,108 మందిని ఆ తర్వాత అరెస్టు చేశారు. అక్కడ ఎన్నికైన కేంద్ర కమిటీ సభ్యులు, అభ్యర్థి సభ్యులు 139 మందిలో 98 మందిని కాల్చేశారు. సైన్యంలో ఉన్న అయిదుగురు మార్షల్స్‌లో ముగ్గురు పోయారు. ఈ పని నడిపించిన రహస్య పోలీసు అధిపతి యెజోవ్‌ను 1940లో కాల్చేశారు.

ఇదంతా పైనుంచి వచ్చిన పథకమేనని ఒక వర్గం. కింది అధికారుల పాత పగలు, భయాలు, పోటీ దీన్ని ఇంత దూరం తీసుకెళ్లాయని ఇంకో వర్గం. 1991 తర్వాత తెరిచిన ఆర్కైవుల్లో ఇద్దరికీ సరుకు దొరికింది. వందల జాబితాల మీద స్టాలిన్ సంతకం ఉంది, కోటా పెంచమని కింది నుంచి వచ్చిన ఉత్తరాలూ ఉన్నాయి.

మృతుల సంఖ్య మనిషికో రకంగా ఎందుకు చెబుతారు?

ఒకరు 24 లక్షలంటారు, ఇంకొకరు 90 లక్షలంటారు, మరొకరు 2 కోట్లంటారు. వీళ్లందరూ అబద్ధాలకోరులు కానక్కర్లేదు. దేన్ని లెక్కలో కలుపుతున్నారో చూడాలి. రాజకీయ కేసుల్లో మరణశిక్షలు, 1921 నుంచి 1953 దాకా, అధికారిక రికార్డుల్లో దాదాపు 8 లక్షలు. గులాగ్ అనే నిర్బంధ శ్రమ శిబిరాల వ్యవస్థ గుండా 1.8 కోట్ల మంది వెళ్లారు, వారిలో సుమారు 16 లక్షల మంది చనిపోయారు. ఈ రెండే కలిపితే 24 లక్షలు. తరలింపుల్లో దారిలో, కొత్త చోట పోయినవాళ్లు కొన్ని లక్షలు. కరువు మృతులు 60 లక్షలు అని కలిపితే మొత్తం 90 లక్షల చుట్టుపక్కలకు వస్తుంది. 2 కోట్లు, అంతకంటే పెద్ద సంఖ్యలు ఎక్కువగా ఆర్కైవులు మూసి ఉన్న కాలం నాటి అంచనాలు. కొందరు యుద్ధంలో పోయినవాళ్లను కూడా ఇందులో వేసేస్తారు. అది సరి కాదు, వాళ్లను చంపింది ముఖ్యంగా హిట్లర్ సైన్యం.

యుద్ధం: ఘనత ఎవరిది?

1939 ఆగస్టు 23న స్టాలిన్ హిట్లర్‌తో దాడి చేసుకోబోమని ఒప్పందం చేసుకున్నాడు. దాని వెనక పోలండ్‌ను, బాల్టిక్ దేశాలను పంచుకునే రహస్య పత్రం ఉంది. అలాంటిదేమీ లేదని సోవియట్ ప్రభుత్వం 1989 దాకా అంటూనే వచ్చింది. 1940లో కతిన్ అడవిలోనూ, మరికొన్ని చోట్లా దాదాపు 22 వేల మంది పోలండ్ అధికారులను, ఖైదీలను చంపిన సంగతి ఒప్పుకున్నది 1990లో. బ్రిటన్, ఫ్రాన్స్ అంతకు ముందే మ్యూనిక్‌లో చెకొస్లొవేకియాను హిట్లర్‌కు వదిలేశాయనీ, స్టాలిన్‌కు సిద్ధం కావడానికి టైం కావాలనీ సమర్థించేవాళ్లు అంటారు. అది కొంత నిజమే. కానీ దొరికిన ఆ ఇరవై రెండు నెలలు సరిగ్గా వాడుకోలేదు. 1941 జూన్ 22న దాడి జరిగేదాకా వరుసగా వచ్చిన హెచ్చరికలను ఆయన నమ్మలేదు. అనుభవం ఉన్న సైన్యాధిపతులను అప్పటికే చంపించేశాడు.

ఆ తర్వాత చరిత్ర మలుపు తిరిగింది. స్టాలిన్‌గ్రాడ్‌లో 1943 ఫిబ్రవరి 2న జర్మన్ సైన్యం లొంగిపోయింది. జర్మనీ సైనిక నష్టాల్లో మూడొంతుల పైన తూర్పు రంగంలోనే జరిగింది. అమెరికా పంపిన సుమారు 11 వందల కోట్ల డాలర్ల సామగ్రి, ముఖ్యంగా లక్షల ట్రక్కులు, బాగా పనికొచ్చాయి. అయినా రక్తం మాత్రం సోవియట్ ప్రజలదే, దాదాపు 2.7 కోట్ల ప్రాణాలు. హిట్లర్‌ను ఓడించింది సోవియట్ ప్రజలన్న మాట నిజం. ఆ విజయం స్టాలిన్ వల్లనా, స్టాలిన్ ఉన్నా కూడానా అన్న వాదనలో నాకు రెండోదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. తరలించిన ఫ్యాక్టరీలు, ప్రణాళికా యంత్రాంగం మొదటి వాదనకు బలమన్నది కూడా ఒప్పుకోవాలి.

బయటి దేశాలు: ఒక కాగితం మీద యూరప్

1944 అక్టోబర్‌లో మాస్కోలో చర్చిల్ ఒక కాగితం మీద దేశాల పేర్లు, పక్కన శాతాలు రాసి స్టాలిన్ ముందుకు తోశాడు. రుమేనియాలో రష్యాకు 90 శాతం, గ్రీస్‌లో బ్రిటన్‌కు 90, యుగోస్లావియాలో చెరి సగం. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టి వెనక్కి ఇచ్చాడు.

దీని ఫలితం గ్రీస్ కమ్యూనిస్టులకు తెలిసొచ్చింది. నాజీలతో కొట్లాడి, దేశంలో ఎక్కువ భాగం తమ చేతిలో పెట్టుకున్నది వాళ్లే. అదే ఏడాది డిసెంబర్‌లో ఏథెన్స్‌లో బ్రిటిష్ సైన్యం వాళ్లను అణచివేస్తే స్టాలిన్ నోరు మెదపలేదు. గ్రీస్ ఆయన వాటాలో లేదు. రుమేనియాలో, పోలండ్‌లో, హంగరీలో మాత్రం ప్రజల మద్దతు తక్కువున్న పార్టీలు ఎర్ర సైన్యం అండతో గద్దెనెక్కాయి. విప్లవం ఎక్కడ బలంగా ఉందన్నది ఇక్కడ ప్రశ్న కాలేదు. సోవియట్ సరిహద్దుకు ఏది కంచె అవుతుందన్నదే ప్రశ్న అయింది.

ప్రచ్ఛన్న యుద్ధం ఎవరు మొదలుపెట్టారన్న వాదనకు కూడా మూలం ఇక్కడే ఉంది. స్టాలిన్ విస్తరణ కాంక్షే కారణమని ఒక వాదం. మూడు దశాబ్దాల్లో రెండుసార్లు పడమటి నుంచి దాడికి గురైన దేశం పక్క దేశాల్లో రక్షణ వెతుక్కోవడం సహజమనీ, అణుబాంబుతో, యూరప్‌కు ఆర్థిక సాయమిచ్చే మార్షల్ ప్లాన్‌తో అమెరికాయే ఒత్తిడి పెంచిందనీ ఇంకో వాదం. 1948లో బెర్లిన్ దిగ్బంధం, 1949లో నాటో, అదే ఏడాది ఆగస్టులో సోవియట్ అణు పరీక్ష. ఒకరి జాగ్రత్త ఇంకొకరికి దాడిలా కనిపిస్తూ పోయింది.

మాట వినని యుగోస్లావియాను 1948 జూన్‌లో కమ్యూనిస్టు కూటమి నుంచి వెలివేశారు. అక్కడి నాయకుడు టిటో కూలిపోలేదు. పదమూడేళ్ల తర్వాత అలీనోద్యమం తొలి శిఖరాగ్ర సభ బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది. నెహ్రూకు టిటో లాంటి తోడు దొరకడానికి ఒక రకంగా స్టాలిన్ కోపమే కారణం.

కొరియాలో లెక్క మరీ స్పష్టంగా కనిపిస్తుంది. దక్షిణం మీదికి వెళ్తానని ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సుంగ్ 1949లో అడిగితే స్టాలిన్ వద్దన్నాడు. 1950 మొదట్లో ఒప్పుకున్నాడు. అప్పటికి సోవియట్‌కు బాంబు ఉంది, చైనాలో మావో గెలిచాడు. అయితే తమ సైన్యం రాదనీ, కష్టమొస్తే మావోను అడగాలనీ షరతు పెట్టాడు. అలాగే జరిగింది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కొరియన్లు, చైనీయులు. సోవియట్ పైలట్లు మాత్రం చైనా, కొరియా గుర్తులున్న విమానాల్లో రహస్యంగా ఎగిరారు. 1951 జులైలో మొదలైన సంధి చర్చలు రెండేళ్లు సాగాయి. యుద్ధఖైదీల మీద భారత్ ప్రతిపాదించిన రాజీని 1952 చివర్లో ఐక్యరాజ్యసమితిలో సోవియట్ ప్రతినిధి తీవ్రంగా వ్యతిరేకించాడు. స్టాలిన్ చనిపోయిన రెండు వారాలకే మాస్కో కొత్త నాయకత్వం యుద్ధం ముగించాలని తీర్మానించింది. జులై 27న సంధి జరిగింది. ఖైదీల కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన జనరల్ తిమ్మయ్య.

తెలంగాణ నుంచి మాస్కోకు

1946లో మొదలైన తెలంగాణ రైతాంగ పోరాటం 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత కూడా ఆగలేదు. ఇప్పుడు ఎదుట ఉన్నది రజాకార్లు కాదు, భారత సైన్యం. పార్టీ లోపల పెద్ద గొడవ నడుస్తోంది. నగరాల్లో కార్మికుల తిరుగుబాటు రావాలని అప్పటి ప్రధాన కార్యదర్శి రణదివే లైను. మనది చైనా దారి, పల్లెల నుంచి దీర్ఘకాల గెరిల్లా పోరాటమని ఆంధ్ర కమిటీ లైను. 1950 జనవరిలో మాస్కో ఆధ్వర్యంలోని కమ్యూనిస్టు పార్టీల కూటమి కామిన్‌ఫాం పత్రిక సంపాదకీయం చైనా దారిని మెచ్చుకుంది. ఆంధ్రవాళ్ల పలుకుబడి ఒక్కసారిగా పెరిగింది. అదే ఏడాది చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు.

గొడవ మాత్రం తెగలేదు. చివరికి నలుగురు నాయకులు రహస్యంగా సోవియట్ ఓడలో మాస్కో వెళ్లారు: డాంగే, అజయ్ ఘోష్, రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. 1951 ఫిబ్రవరిలో స్టాలిన్ వాళ్లతో మాట్లాడాడు. ఆ సంభాషణ రికార్డు తర్వాత ఆర్కైవుల నుంచి బయటికి వచ్చింది.

అందులో స్టాలిన్ తెలంగాణను తీసిపారేయలేదు. కానీ గెరిల్లా పోరాటం ఒక్కదాని మీదే ఆధారపడితే గెలవలేరన్నాడు. చైనా సైన్యం మంచూరియా చేరుకున్నాక దానికి వెనక సోవియట్ యూనియన్ ఉంది, మీ వెనక అలాంటి స్నేహదేశం లేదన్నాడు. చైనాలో కంటే భారత్‌లో రైల్వేలు ఎక్కువ, అది గెరిల్లాలకు ఇబ్బంది అన్నాడు. కార్మికవర్గం కలిసిరాకుండా కుదరదన్నాడు. సైనికంగా చూస్తే ఈ మాటల్లో తప్పు పట్టడం కష్టం. నల్గొండ, వరంగల్ చుట్టూ నలుదిక్కులా భారత భూభాగమే. ఆయుధం ఎక్కడి నుంచి రావాలి?

అయినా అదే సమయంలో మాస్కోకు ఢిల్లీ అవసరం కూడా పెరుగుతోంది. అక్కడ భారత్ మొదటి రాయబారి విజయలక్ష్మి పండిట్‌కు స్టాలిన్ దర్శనమే దొరకలేదు. తర్వాత వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను 1950 జనవరిలో పిలిచి మాట్లాడాడు. కొరియా విషయంలో నెహ్రూ అమెరికా వెంట పూర్తిగా నడవకపోవడం మాస్కో గమనించింది.

1951 అక్టోబర్‌లో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. ఇది స్టాలిన్ మాట వల్లేనా? అలా అనేవాళ్లు పార్టీలోనూ, తర్వాత వచ్చిన నక్సలైట్లలోనూ ఉన్నారు. రావి నారాయణరెడ్డి లాంటివాళ్లు మాత్రం అంతకు ముందే విరమించాలని వాదిస్తూ వచ్చారు. సైన్యం ఒత్తిడికి దళాలు అడవుల్లోకి నెట్టబడ్డాయి, నైజాం పోయాక పోరాటానికి ఉన్న విశాలమైన మద్దతు తగ్గింది. నా ఉద్దేశంలో విరమణ ఎలాగూ వచ్చేదే. మాస్కో మాట పార్టీ చీలిపోకుండా ఆ నిర్ణయం తీసుకునే వీలు కల్పించింది. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. కశ్మీర్ మీద సోవియట్ వీటో మనకు అండగా నిలిచింది స్టాలిన్ కాలంలో కాదు. 1948లో సోవియట్ ప్రతినిధి ఓటింగ్‌కు దూరంగా ఉన్నాడు. వీటో వాడింది 1957లో, స్టాలిన్ తర్వాత సోవియట్ నాయకుడైన క్రుశ్చేవ్ రోజుల్లో. ఆ కొత్త స్నేహం ఆంధ్ర కమ్యూనిస్టులకు కలిసిరాలేదు కూడా. 1955 ఆంధ్ర ఎన్నికల ముందు మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని ప్రచారంలో ఎడాపెడా వాడుకుంది, కమ్యూనిస్టులు ఘోరంగా ఓడిపోయారు. స్టాలిన్ పోయి రెండేళ్లయినా పద్ధతి మారలేదు. బెజవాడలో పార్టీ గెలుపు కంటే ఢిల్లీతో స్నేహమే మాస్కోకు ముఖ్యం.

1956 తర్వాత

1956 ఫిబ్రవరి 25న పార్టీ మహాసభలో క్రుశ్చేవ్ మూసిన తలుపుల వెనక స్టాలిన్ నేరాల గురించి గంటల తరబడి మాట్లాడాడు. ఎక్కువగా పార్టీవాళ్ల మీద జరిగిన దౌర్జన్యాలే చెప్పాడు, కరువు ఊసెత్తలేదు. ఆ ప్రసంగం బయటికి పొక్కింది. ఆ ఏడాదే హంగరీలో జనం తిరగబడితే సోవియట్ ట్యాంకులు వెళ్లాయి. తనను అడక్కుండా క్రుశ్చేవ్ ఆ ప్రసంగం చేశాడని మావోకు కోపం వచ్చింది. సోవియట్, చైనా చీలికకు అదొక కారణం. ఆ చీలిక, 1962 యుద్ధం, కాంగ్రెస్‌తో ఎలా ఉండాలన్న గొడవ కలిసి 1964లో మన కమ్యూనిస్టు పార్టీని రెండు చేశాయి. స్టాలిన్ ఎదుట పక్కపక్కన కూర్చున్న ఇద్దరు తెలుగువాళ్లలో రాజేశ్వరరావు సీపీఐలో ఉండిపోయారు, బసవపున్నయ్య సీపీఎం తొలి పొలిట్‌బ్యూరోలో చేరారు.

లెనిన్ వేసిన బాటలోనే స్టాలిన్ నడిచాడా, దాన్ని తప్పాడా అన్న వాదన అప్పటి నుంచి ఆగలేదు. ఏకపార్టీ పాలన, రహస్య పోలీసు, ముఠాల నిషేధం లెనిన్ నాటివేనని ఒకరు చూపిస్తారు. పార్టీ సహచరులను కాల్చడం, కోటాలు వేసి చంపడం లెనిన్ కాలంలో లేవని ఇంకొకరు చూపిస్తారు. క్రుశ్చేవ్ "వ్యక్తి పూజ" అన్న మాటతో తప్పంతా ఒక్కడి మీదికి నెట్టేశాడు. జాబితాల మీద సంతకాలు పెట్టిన మిగతావాళ్లలో క్రుశ్చేవ్ కూడా ఉన్నాడు కాబట్టి అది ఆయనకు అనుకూలమైన వివరణే.

స్టాలిన్ గీసిన గీతలు కొన్ని ఇంకా మ్యాపు మీద ఉన్నాయి. పోలండ్ దేశాన్ని మొత్తంగా పడమటికి జరిపిన సరిహద్దు అలాగే నిలిచింది. జర్మనీ నుంచి తీసుకున్న కోనిగ్స్‌బర్గ్ కలీనిన్‌గ్రాడ్ పేరుతో రష్యాకు చెందిన విడి ముక్కగా, చుట్టూ నాటో దేశాల మధ్య ఉంది. కొరియాలో 1953 నాటి సంధి రేఖే సరిహద్దు, శాంతి ఒప్పందం జరగలేదు. 1945లో ఆక్రమించిన కురిల్ దీవుల పేచీ వల్ల రష్యా, జపాన్ మధ్య కూడా ఇప్పటికీ శాంతి ఒప్పందం లేదు.